వాగు ఉందన్న మనిషి

ఆమె పోయిన సంగతి నాకు కండక్టర్ చెప్పాడు. కామారెడ్డిలో బస్సు ఇంకా కదలలేదు. టికెట్ మిషన్ సర్దుకుంటూ నా దగ్గర ఆగి, "సార్, ఎల్లారెడ్డి పోతదా అని రోజూ అడిగే పెద్దమ్మ లేదా, మొన్న పానం పోయిందట" అన్నాడు.

బస్సు ముందు బోర్డు మీద ఎల్లారెడ్డి అని రాసే ఉంటుంది. అదే బస్సు, అదే కండక్టర్, అదే వేళ. అయినా ఆమె అడిగేది. మొదట్లో అతను విసుక్కునేవాడు. తర్వాత ఆమె అడగకముందే "పోతది, పోతది, ఎక్కు" అనడం మొదలుపెట్టాడు. ఆమె మాత్రం అడిగి, జవాబు విన్న తర్వాతే మెట్టు మీద కాలు పెట్టేది. "నిన్న పోయింది గద పెద్దమ్మా" అని ఎవరైనా నవ్వితే, "నిన్నటి సంగతి నిన్ననే గద బిడ్డా" అనేది.

ఆమె ఎల్లారెడ్డి సర్కారు దవాఖానలో ఆయా. నేను ఆ ఊళ్లోనే జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. కామారెడ్డి నుంచి రోజూ వెళ్లివస్తాను. ఆమె ఊరు దారి మధ్యలో ఉంటుంది. మా పరిచయం ఆ బస్సులోనిదే. ఆమెను రాజంపేటకు ఇచ్చారనీ, భర్త పోయాక పుట్టినూరికి తిరిగి వచ్చిందనీ, పిల్లలు లేరనీ, ఊళ్లో ఒక తమ్ముడు ఉన్నాడనీ తెలుసు. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను సారూ అనేది. అంతకంటే ఎక్కువ తెలుసుకోవాలని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆమె గురించి చెప్పాలంటే భయం గురించే చెప్పాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆమె కార్డు చేతిలో పట్టుకునేది, దాని జిరాక్సు సంచిలో పెట్టుకునేది, ఇంకో జిరాక్సు మడిచి బొడ్డుసంచిలో దోపుకునేది. బస్సు కదిలాక పక్కింటావిడకు ఫోన్ చేసి, గ్యాస్ బందు చేసిందో లేదో చూడమనేది. ఆ పక్కింటావిడ చూడకుండానే చూశానని చెబుతుందేమోనని ఇంకో అనుమానం. మబ్బు పడితే కిటికీ దగ్గర నుంచి లేచి నడిమి సీటుకు వచ్చేది. దవాఖానలో నర్సు సూది మందు తీస్తుంటే సీసా మీద పేరు ఇంకోసారి చదవమని బతిమాలేదట. ఈ సంగతి ఆ నర్సే ఒకరోజు బస్సులో అందరికీ చెప్పి నవ్వించింది. ఆమె కూడా నవ్వింది. నవ్వి, "ముందుగాల భయపడ్తె ఎన్క ఏడ్సుడు తప్పుతది" అంది.

ఆమె భయపడ్డవాటిలో చాలావరకు జరగలేదు. గ్యాస్ ఎప్పుడూ కట్టేసే ఉండేది. బస్సు ఎప్పుడూ ఎల్లారెడ్డికే పోయేది. అందువల్ల ఆమె మాటకు ఎక్కడా విలువ ఉండేది కాదు. ఊళ్లో పిల్లలు కూడా ఆమె ఎదురైతే "అవ్వా, ఆకాశం పడ్తున్నది, ఉరుకు" అని ఆటపట్టించేవారట. పోయిన మనిషిని దూరదృష్టి ఉన్న మనిషిగా మార్చి రాయడం సులభం. అలా రాయను. ఆమెకు దూరదృష్టి లేదు. భయం ఉండేది, అంతే.

వాళ్ల ఊరి కింద నుంచి ప్రాజెక్టు కాలువ వస్తుందన్న మాట కొన్నాళ్లుగా నలుగుతోంది. ప్రభుత్వం తలపెట్టిన పెద్ద పని. ఎక్కడి నుంచో నీళ్లు ఎత్తి పోసి మా దిక్కు పొలాలకు ఇస్తారని చెప్పారు. వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. బోర్లు ఎండి, మోటార్లు కాలి, విసిగిపోయిన రైతులు కాలువను ఎందుకు వద్దంటారు? ఆమె కూడా వద్దనలేదు. నీళ్లొస్తే మంచిదేనంది. ఆ వెంటనే, "కట్ట ఎంత ఎత్తు పోస్తరు సారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎందుకో అర్థం కావాలంటే ఆ ఊరి సంగతి ఒకటి చెప్పాలి.

ఊరికి పైన గుట్టలు ఉన్నాయి. వానాకాలం ఆ నీళ్లు దిగి, ఆమె ఉండే కిందివాడ పక్క నుంచి పారి, పొలాల్లోంచి చెరువుకు పోతాయి. అది వాగు. కానీ ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉంటుంది. తాతల కాలం నుంచి కొన్ని కుటుంబాలు ఆ వాగు అడుగును చదును చేసుకుని వరి పెట్టుకుంటున్నాయి. ఆమె తమ్ముడి పొలం కూడా అందులోదే. వాగు సర్కారుది కాబట్టి, వాగు ఉందని ఒప్పుకుంటే పొలం లేనట్టే. అందుకని ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఏర్పడింది. టేపు పట్టుకుని గానీ, గొలుసు పట్టుకుని గానీ ఎవరు వచ్చినా, ఊరంతా ఒకటే మాట చెబుతుంది: ఈడ వాగు లేదు, పాత కందకం ఒకటి ఉండె, పూడిపోయింది. పెద్దవాళ్లు చెబుతారు, పిల్లలూ చెబుతారు. ఆ మాట వాళ్ల పొలాలను చాలాసార్లు కాపాడింది. అది అబద్ధమని వాళ్లకు అనిపించడం కూడా ఎప్పుడో మానేసింది.

ఒక ఎండాకాలం ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. కాలువ వల్ల చుట్టుపక్కల ఏమేం జరుగుతుందో చూసి నివేదిక రాసే కంపెనీ పంపిన వాళ్లు. ఆ రోజు ఆమెకు సెలవు, పొలం దగ్గరే ఉంది. వాళ్లు ఫోన్లో ఫొటోలు తీసుకుని, ఇక్కడ నీళ్లేమైనా పారతాయా అని అడిగారు. తమ్ముడు అలవాటైన మాటే చెప్పాడు. ఆమె వాళ్లకు చల్ల ఇచ్చింది. ఎండలో తిరుగుతున్నారు, వడదెబ్బ తగులుతుందేమోనని తలకు తువ్వాల కట్టుకోమంది. వాళ్లు చల్ల తాగి, రాసుకుని వెళ్లిపోయారు.

ఈసారి వచ్చినవాళ్లు భూమి కొలిచేవాళ్లు కాదని ఊళ్లో ఎవరికీ తెలియదు. వాగు ఉందని చెబితే కట్ట కింద నుంచి నీళ్లు పోవడానికి మోరీ పెడతారు. లేదని చెబితే పెట్టరు. అది కూడా వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత కాలువ మీద ప్రజాభిప్రాయ సేకరణ ఉందని పంచాయతీ ఆఫీసు గోడ మీద కాగితం అంటించారు. ఆమె బస్సులో ఆ సంగతి చెప్పి, అదేంది సారూ అని అడిగింది. నేను మండల ఆఫీసుకు వెళ్లి నివేదిక చూపించమన్నాను. అసలు నివేదిక ఇంగ్లీషులో, లావుగా ఉంది. తెలుగులో కొన్ని పేజీల సారాంశం ఉంది. దాని నకలు ఒకటి ఇచ్చారు. సాయంత్రం ఎల్లారెడ్డి బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఆమెకు చదివి వినిపించాను. గాలి, దుమ్ము, చెట్లు, పక్షులు అన్నీ ఉన్నాయి. ఒకచోట, కాలువ మార్గంలో ఆ ఊరి పరిధిలో చెప్పుకోదగిన సహజ నీటి ప్రవాహాలు లేవని ఉంది.

ఆమె ఆ వాక్యం ఇంకోసారి చదవమంది. చదివాను.

"మోరీ పెట్టరా మరి?"

"లేదని రాసిన దానికి మోరీ ఎందుకు పెడతారక్కా?"

"నీళ్లెటు పోవాలె?"

కట్ట దగ్గర ఆగుతాయన్నాను. "ఆగి?" అంది. "ఎన్కకు మా వాడలకే గద సారు వచ్చేది" అని మళ్లీ ఆమే అంది. కిందివాడలో ఉన్నవి బీడీలు చుట్టేవాళ్ల ఇండ్లు, కూలికి పోయేవాళ్ల ఇండ్లు. మట్టిగోడలే ఎక్కువ. ఆ రోజు ఆమె బస్సు ఎల్లారెడ్డి నుంచి ఎటు పోతుందో అడగకుండా ఎక్కింది. నేను గమనించింది అదొక్కసారే.

ఇలాంటి నివేదికలు, సభలు ఉండాలన్న పర్యావరణ చట్టం గురించి నేను కొంత చదివాను. దాన్ని రాసినవాళ్లు ఈమెను చూసి ఉండరు. కానీ అది చెప్పేది ఈమె రోజూ చేసేదే. ఏ పెద్ద పనైనా మొదలుపెట్టకముందే ఒకసారి భయపడమంటుంది. నీళ్లు ఎటు పోతాయి, ఎవరి ఇంట్లోకి పోతాయి అని ముందే అడగమంటుంది. జనాన్ని కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది రాసి, రాసింది చదివి వినిపించమంటుంది. చదువుతుంటే మంచి చట్టమే అనిపించింది. ఆమెకూ అదే చెప్పాను. ఆమె అంతా విని, "లేదన్నది మేమే గద" అంది.

ఆ తర్వాత రోజుల్లో ఆమె భయం రెండు దిక్కులా లాగింది. చెప్పకపోతే వాడ మునుగుతుంది. చెబితే తమ్ముడి పొలం పోతుంది. ఒక్క తమ్ముడిదే కాదు, వాగులో వరి పెట్టుకున్న అందరివీ. కాలువకు పోయే ముక్కకు పరిహారం వస్తుందని ఆశపడుతున్నారు. వాగు అని తేలితే అదీ రాదు, మిగిలిన ముక్కా నిలవదు. తమ్ముడు ఒకరోజు ఆమెతోపాటు రోడ్డు దాకా వచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. అతను గట్టిగా ఏమీ అనలేదు. "నువ్వు నోరు తెరిస్తే నేను బిచ్చమెత్తుకోవాలె అక్కా" అన్నాడు. ఆమె బస్సెక్కి దవాఖాన దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

బస్సులో ఈ సంగతి పాకింది. పిట్లం వైపు విత్తనాలు అమ్ముకునే ఒకాయన ఉండేవాడు, నోరున్న మనిషి. "గీ మీటింగులల్ల ఏముంటది పెద్దమ్మా, అడిగేది సర్కారే, ఇచ్చేది సర్కారే. పెండ్లికొడుకు వాళ్లే, పెండ్లిపిల్ల వాళ్లే. మనం అచ్చింతలెయ్యనీకి పోవుడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాటలో అబద్ధం లేదు. అడుగుతున్నది ప్రభుత్వ శాఖ. సభకు పెద్దగా కూర్చునేది ప్రభుత్వ అధికారి. అనుమతి ఇచ్చేది ప్రభుత్వం. నివేదిక రాసిన కంపెనీకి డబ్బు ఇచ్చేది కూడా అడుగుతున్న శాఖే. ఆమె మాత్రం నవ్వకుండా, "అచ్చింతలేసేటోళ్లు కూడ కాదనచ్చు గద" అంది. "ఆఁ, అని సూడు, అన్నం పెట్టరు" అన్నాడాయన.

సభ రోజు నన్ను రమ్మంది. "మీరేం మాట్లాడకుండ్రి సారు, పక్కన కూసోండ్రి సాలు" అంది.

స్కూలు మైదానంలో పెద్ద టెంటు. ముందు పోలీసులు, వెదురు కర్రల కంచె. వేదిక మీద అధికారులు. పేరు రాయించుకున్నవాళ్లను ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. ముందు నాయకులు మాట్లాడారు. కాలువ వస్తే మూడు పంటలు పండుతాయన్నారు. మా దిక్కు అధికారి ఎవరొచ్చినా శాలువా కప్పకుండా పంపరు. వేదిక మీద అందరికీ కప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఉక్కపోతలో ఆ శాలువాలతోనే వాళ్లు కూర్చున్నారు. పిలిచిన పేరు తనది కాకపోయినా నా పక్కన ఆమె ప్రతిసారీ లేవబోయేది.

పిలిచారు. మైకు దగ్గరికి వెళ్లి, దాన్ని ముట్టుకుంటే షాకు కొడుతుందేమోనని కొంగుతో పట్టుకుంది. అక్కడే మొదటి నవ్వు పుట్టింది. ఆమెకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కాలువలో పిల్లలు పడతారేమో అంది. దోమలు వస్తాయేమో అంది. కట్ట పొదల్లో పాములు చేరతాయి, దవాఖానకు పాము కాట్లు చాలా వస్తున్నాయి అంది. నవ్వులు పెరిగాయి. వేదిక మీద పెద్దాయన మర్యాదగానే, "అమ్మా, అసలు సంగతి చెప్పండి" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి జనంలోకి చూసింది. తమ్ముడి కోసమే చూసిందని నాకు తెలుసు. అతను నాలుగో వరుసలో తల వంచుకుని ఉన్నాడు.

"ఆడ వాగుంది సార్. మేమే లేదని చెప్పినం. పొలాలు పోతయని చెప్పినం. మోరీ పెట్టకుంటె కిందివాడ మునుగుతది."

తర్వాత ఎవరో వెనక నుంచి, ఆమెకు పానం మంచిగుండదు సార్, అన్నిటికీ భయపడ్తది, ఊళ్లె ఎవర్నడిగినా చెప్తరు అన్నారు. అది దురుద్దేశంతో అన్నట్టు కూడా లేదు. తెలిసిన నిజం చెప్పినట్టే ఉంది. నవ్వులు మళ్లీ లేచాయి. ఈసారి ఆ నవ్వులో ఊపిరి పీల్చుకున్న చప్పుడు ఉంది.

పెద్దాయన తన పని తను చేశాడు. వాగు ఉందని ఇంకా ఎవరైనా చెబుతారా అని అడిగాడు. ఇటు నుంచి అటు దాకా చూశాడు. కిందివాడ వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో సగం మంది ఆ పొలాల్లోనే కూలికి పోతారు. ఎవరూ లేవలేదు. నేను లేచాను. మీది ఈ ఊరేనా అని అడిగారు. కాదన్నాను. కూర్చోమన్నారు.

చివర, నియమం ప్రకారం, ఆ రోజు ఎవరేం చెప్పారో తెలుగులో చదివి వినిపించారు. నాయకుల మాటలు వివరంగా ఉన్నాయి. ఆమె వంతు వచ్చేసరికి, "ఒక మహిళ పిల్లల భద్రత, దోమలు, వాగు, పాముల గురించి ఆందోళన వ్యక్తం చేశారు" అని చదివారు. ఆమె నా చేయి పట్టుకుని, "రాసిన్రు గద సారు" అంది. ముఖంలో చాలా రోజుల తర్వాత నెమ్మది కనిపించింది. రాశారక్కా అన్నాను. రాయలేదని అనలేం. దోమలకూ పాములకూ మధ్య వాగు కూడా ఉంది.

ఆ రాత్రి నుంచి తమ్ముడు ఆమె ఇంటికి రావడం మానేశాడు. వాడలో ఆడవాళ్లు మాట్లాడేవాళ్లు గానీ కూర్చోమనేవాళ్లు కాదు. ఆమె బస్సు ఎక్కేముందు అడగడం మానలేదు. గ్యాస్ ఫోన్ మాత్రం ఆగిపోయింది, పక్కింటావిడ ఎత్తడం మానేసింది కాబట్టి. తాళం వేశాక మళ్లీ తీసి, తనే లోపలికి వెళ్లి చూసుకుని వచ్చేది. రెండుసార్లు బస్సు తప్పిపోయింది.

అనుమతి వచ్చింది. దానికి షరతులు చాలా ఉన్నాయి. ఒకటి చదివి నాకు ఆశ పుట్టింది. సహజ నీటి ప్రవాహాలకు ఎక్కడా ఆటంకం కలిగించరాదని స్పష్టంగా రాశారు. బస్సులో ఆమెకు చెప్పాను. ఆమె సంబరపడుతుందనుకున్నాను. కాసేపు ఆలోచించి, "వాగు లేదని రాసినంక, వాగుకు అడ్డం ఎట్లయితది సారు?" అంది.

నేను అంతదూరం ఆలోచించలేదు. ఆమె తెలివిగా అన్నది కాదది. ఎక్కడైనా ఏదైనా జారిపోతుందేమోనని వెతికే అలవాటు వల్ల అన్నది. కానీ అదే జరిగింది. షరతు ఉంది, నివేదిక ఉంది, రెండూ ఒకదానికొకటి అడ్డు రాలేదు. ఆరు నెలలకోసారి షరతులు పాటిస్తున్నామని శాఖ రాసి పంపాలి. పంపుతూనే ఉంటారు. వాళ్లు రాసేదాంట్లో అబద్ధం ఉండదు.

ఎండాకాలంలో కట్ట పోశారు. ఆమె సైటు ఇంజినీరును పట్టుకుంది. చిన్న వయసు, మాట మెత్తన. నేను కూడా ఒకసారి వెంట వెళ్లాను. అతను డ్రాయింగు చూపించి, ఇందులో వాగు లేదండీ, లేనిచోట నేను మోరీ కట్టలేను అన్నాడు. వాగు ఉందని తహసీల్దారు నుంచి కాగితం తెస్తే పైకి పంపుతాను, మార్చడానికి వీలుంది అన్నాడు. తహసీల్దారు ఆఫీసులో, ఊరివాళ్లే వాగు లేదని ఎన్నోసార్లు చెప్పారు, ఇప్పుడు ఉందంటే పొలాలున్నవాళ్లు వచ్చి చెప్పాలి అన్నారు. ఎవరి మాటా తప్పు కాదు. అందరూ కలిసి ఆమెను తమ్ముడి గడప దగ్గరికే పంపారు.

ఆమె వెళ్లింది. అతను తలుపు తీయలేదట. పొలాలున్న మిగతావాళ్ల దగ్గరికీ వెళ్లింది. ఒకరు నవ్వారు, ఒకరు తిట్టారు, ఒకరు చాయ్ పోసి పంపారు. ఆ తర్వాత మబ్బు పట్టిన ప్రతి రోజూ దవాఖాన నుంచి వచ్చి, ఇంటికి పోకుండా కట్ట దగ్గరికి పోయి చూసేది. చూసి చేయగలిగింది ఏమీ లేదు. "నేను సూడకుంటె ఏమన్నయితదేమో అనిపిస్తది" అనేది.

చివరిసారి మాట్లాడింది మృగశిర వెళ్లాక, తొలి వానలప్పుడు. బస్సులో నా ముందు సీటులో కూర్చుని వెనక్కి తిరిగింది. మనిషి చిక్కిపోయింది. ఎడమ చేయి గుంజుతోందంటే, మీ దవాఖానలోనే చూపించుకోరాదా అన్నాను. చూపించుకుంటే ఏమంటారోనని భయమంది. తర్వాత, "నేను చెప్పింది తప్పా సారు?" అని అడిగింది. కాదన్నాను. "మరి వాడు ఏం తినాలె?" అంది. దానికి జవాబు చట్టంలో వెతికాను, లేదు. నీళ్లు ఎటు పోతాయో చెప్పమని అది అడుగుతుంది. చెప్పినవాడి పొలం ఏమవుతుందో అడగదు. ఆమె ఊరు వచ్చింది. దిగి, బస్సు కదిలేదాకా నిలబడి, నేను కిటికీ మూసుకున్నానో లేదో చూసి వెళ్లింది.

అదే నెలలో గుండె ఆగి పోయింది. నిద్రలోనే అన్నారు.

దినాల నాడు వెళ్లాను. పొద్దుటి నుంచి ముసురు పట్టింది. ఆమె ఇంటి ముందు టెంటు వేశారు. కర్మ చేసింది తమ్ముడే, గుండు చేయించుకున్నాడు. టెంటు కింద రెండు వరుసల్లో విస్తర్లు వేసి వడ్డిస్తున్నారు. అక్కడి నుంచి చూస్తే కాలువ కట్ట కనిపిస్తుంది. కట్టకు ఇవతల పొలాల్లో నీళ్లు నిలిచాయి. పెద్దగా ఏమీ కాదు, నారు మొదళ్లు మునిగేంత. గట్టి వాన ఇంకా పడలేదు. కానీ ఆ నీళ్లు పోవడం లేదు. తినేవాళ్లు అటు చూసి, మళ్లీ విస్తరిలోకి చూసుకుంటున్నారు.

తమ్ముడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అంతకుముందు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. కాసేపు చేతులు చూసుకుని, "ఆ ఇంజినీరు నంబరుందా సారు మీ తాన?" అన్నాడు. చెప్పాను. అక్కడే కూర్చుని ఫోన్ చేశాడు. అతని ఫోన్ పాతది, స్పీకరులోనే వినిపిస్తుంది. వడ్డన చప్పుళ్లలో కూడా అందరికీ వినపడింది.

దవాఖానలో చేసే అక్క తమ్ముణ్ణని చెప్పుకున్నాడు. అవతల ఇంజినీరు గుర్తుపట్టి, "ఆఁ, చెప్పండి. అమ్మ బాగున్నారా?" అన్నాడు.

"లేదు సార్. దినాలైతున్నయి" అన్నాడు తమ్ముడు. ఆ వెంటనే తనే, "ఆడ వాగుంది సార్. నా పొలం వాగులనే ఉంది" అన్నాడు.

విస్తర్ల మీద చేతులు ఆగిపోయాయి.

ఇంజినీరు నెమ్మదిగా చెప్పాడు. ఒక్కరు చెబితే చాలదు, ఆమె కూడా ఒక్కతే చెప్పింది. పొలాలున్నవాళ్లందరూ తహసీల్దారు ముందుకు రావాలి. ఆ తర్వాత ఆ భూమి మీది కాదంటారు, తెలుసు కదా అన్నాడు.

"తెలుసు సార్."

ఫోన్ జేబులో పెట్టుకుని అతను లేచాడు. వరుసలో మొదట కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్లాడు. అతని పొలం గట్టూ వీళ్ల పొలం గట్టూ ఒకటే.

"అన్నా, రేపు తాసీల్దారు కాడికి వస్తవా?"

ఆ మనిషి తలెత్తలేదు. అన్నం కలుపుతూనే, "బువ్వ తిననియ్యరాదు" అన్నాడు.

"తిను. నేనాగుత" అని తమ్ముడు ఆ విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు. టెంటు అంచు అక్కడితో అయిపోతుంది. అతని గుండు మీద, వీపు మీద వాన పడుతోంది. ఎదురుగా ఉన్న మనిషి ఆ కలిపిన ముద్దను చాలాసేపు నోట్లో పెట్టుకోలేదు.